తీసేవాళ్ళు, దిగేవాళ్ళు

తెలుగులో ఫోటో తీసేవాళ్ళకొక క్రియ ఉంది, ఫోటోలో ఉండేవాళ్ళకొక క్రియ ఉంది. వాళ్ళు తీస్తారు, వీళ్ళు దిగుతారు. "పెళ్ళయిన కొత్తలో మద్రాసులో దిగిన ఫోటో ఇది" అంటుంది మా అమ్మ. ఫోటో తీయబడింది అని మన ఇళ్ళల్లో ఎవరూ అనరు, ఇంగ్లీషు నుంచి అనువాదం చేసేవాళ్ళు తప్ప. ఇంగ్లీషు వాక్యంలో ఫోటోలో ఉన్న మనిషి ఏమీ చెయ్యదు, ఆమెకి ఏదో జరుగుతుంది. మన వాక్యంలో ఆమె బస్సు దిగినట్టు, ఏట్లోకి దిగినట్టు తనే ఫోటోలోకి దిగుతుంది. చూపు గురించి మనం చాలానే చదువుకున్నాం. 1975లో లారా మల్వీ సినిమా మీద రాసిన వ్యాసం దగ్గర్నుంచి జయప్రభ "చూపులు" కవిత దాకా క్లాసులో ఎన్నోసార్లు పాఠం చెప్పాను. చూసేది పురుషుడు, చూపుకి గురయ్యేది స్త్రీ అన్న సూత్రం మనకి కొట్టిన పిండి. కానీ ఈ "దిగడం" అనే మాట మీదికి నా దృష్టి పోయింది మాత్రం ఒక పాత కెమెరా చేతికొచ్చాకే.

అది మా బాబాయి కెమెరా. విశాఖపట్నం నుంచి సరుకు ఓడల మీద వెళ్ళే ఉద్యోగం ఆయనది. 1976లో సింగపూర్‌లో కొనుక్కొచ్చాడు. కానన్ కంపెనీ వాళ్ళ కెనొనెట్ క్యూఎల్17 జీ-త్రీ. ఈ మోడల్ 1972లో వచ్చింది. అప్పట్లో అది గొప్ప వస్తువు. తోలు సంచీలో పెట్టి, ఆ సంచీని బీరువాలో పెట్టి, బీరువా తాళం చెవి జేబులో పెట్టుకునేవాడాయన. ఆడవాళ్ళ చెయ్యి తగిలితే లెన్సుకి బూజు పడుతుందని ఇంట్లో ఒక మాట ప్రచారంలో ఉండేది. బాబాయి అన్నాడో, ఎవరన్నారో గానీ అందరూ నమ్మారు. ఇరవై ఏళ్ళు ఏ ఆడమనిషి చెయ్యీ తగలకుండా తోలు సంచీలో చీకట్లో ఉన్నందుకు, విశాఖ తేమకి, లెన్సుకి నిక్షేపంగా బూజు పట్టింది. ఆయన పోయాక 2016లో పిన్ని దాన్ని నాకిచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి, నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అంది. నలభై ఏళ్ళు ఆ కెమెరా ఉన్న ఇంట్లోనే ఉండి, పిన్ని ఒక్కసారి కూడా బటన్ నొక్కలేదు.

కోఠీలో ఒక ముసలాయన దాన్ని విప్పి, లెన్సు శుభ్రం చేసి, వెనక తలుపు అంచున జిగురైపోయిన నురగ పట్టీలు గీకేసి కొత్తవి అతికించి ఇచ్చాడు. బ్యాటరీ మాత్రం మీరే చూసుకోవాలన్నాడు. ఈ కెమెరాకి కావలసింది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ. పాదరసం విషం కాబట్టి వాటి అమ్మకం చాలా దేశాల్లో 1990లలోనే ఆగిపోయింది. దానికి దగ్గరగా ఉండేది చెవి మిషన్లలో వేసే 675 నంబరు బ్యాటరీ. అది 1.4 వోల్టులు. సైజు కొంచెం చిన్న, చుట్టూ ఒక రబ్బరు రింగు పెడితే సరిగ్గా కూర్చుంటుంది. మా నాయనమ్మ చెవి మిషనులో వేసేది సరిగ్గా అదే. ఒకటిమ్మని అడిగితే, "నా చెవిలోది తీసి దాని కంట్లో పెడతావేటే?" అని నవ్వింది. అప్పట్నుంచి ప్యాకెట్టుకి ఒకటి చొప్పున నా వాటా పక్కన పెట్టేది.

నిజానికి బ్యాటరీ లేకపోయినా ఇది పని చేస్తుంది. బ్యాటరీ వెలుతురు కొలవడానికే. వెలుతురు మనమే అంచనా కట్టుకోగలిగితే అది అక్కర్లేదు. షట్టరు సెకనులో నాలుగో వంతు నుంచి అయిదువందలో వంతు దాకా గడియారంలాగా స్ప్రింగుతో నడుస్తుంది. 40 మి.మీ. లెన్సు, జూమ్ లేదు, ఊడదీసి ఇంకోటి తగిలించే వీలు లేదు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్ళాలి. బరువు 620 గ్రాములు. నా బ్యాగులో టిఫిన్ డబ్బాకీ నీళ్ళ సీసాకీ మధ్య ఇముడుతుంది కాబట్టి రోజూ నాతో వస్తుంది. ఫోటోగ్రఫీ అని గట్టిగా చెప్పుకునే పనేమీ చెయ్యను. మూడు పీరియడ్లు వరసగా చెప్పి వచ్చి చెప్పులు విడిచి కుర్చీ మీద కాళ్ళు పెట్టుకున్న సహోద్యోగి, హాస్టల్ డాబా మీద ఆరేసిన లోదుస్తుల మీద కప్పిన చున్నీ, మధ్యాహ్నం రెండింటికి మెట్ల కింద గుండ్రంగా కూర్చుని అన్నాలు తింటున్న స్వీపర్లు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం వచ్చిన దగ్గర్నుంచి సిటీ బస్సు నాకు ఇష్టమైన చోటు అయింది. తెల్లవారుజామునే పనికి వెళ్ళి తిరిగొచ్చే ఆడవాళ్ళు, జీరో టికెట్టు వేలి చుట్టూ చుట్టుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోతుంటారు. వాళ్ళని నేను తియ్యను. మెలకువగా ఉన్నవాళ్ళనే అడుగుతాను. ఎందుకో కింద చెబుతాను.

ఫిల్ము గురించి మగవాళ్ళు మాట్లాడుకునే భక్తి నాకు లేదని ముందే చెప్పాలి. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే ఒక్కో ఫ్రేముకి నలభై రూపాయల దాకా అవుతుంది. జీతం వచ్చేవాళ్ళు చెయ్యగలిగే పని ఇది. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ఒకప్పుడు "ఇందు" అనే పేరుతో నలుపు తెలుపు ఫిల్ము తయారు చేసేది. ఆ కంపెనీ మూతపడింది. ఇప్పుడు దిగుమతి సరుకే గతి. అందులో ఆధ్యాత్మికత ఏమీ కనపడదు నాకు.

బాబాయి తీసిన ఫోటోలు ఇంట్లో మూడు ఆల్బమ్‌లున్నాయి. కెమెరా నా దగ్గరికొచ్చాక వాటిని మళ్ళీ తిరగేశాను. అన్నిట్లోనూ ఆడవాళ్ళున్నారు. పండగ చీరలు కట్టుకుని మందార చెట్టు పక్కన, ప్రహరీ గోడ ముందు, కొత్త స్కూటరు పక్కన, కొత్త ఫ్రిజ్ పక్కన నిలబడి ఉన్నారు. స్కూటరూ ఫ్రిజ్జూ ఎంత నిటారుగా ఉన్నాయో వీళ్ళూ అంతే. మూడు ఆల్బమ్‌లలో వంటిల్లు ఒక్కసారీ లేదు. మూడు తరాల ఆడవాళ్ళు బతుకులో సగం గడిపిన గది అది. వెలుతురు చాలదు కదా అనొచ్చు. అప్పటి రీళ్ళతో చీకటి వంటింట్లో తియ్యడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఈ లెన్సు ఎఫ్ 1.7 దాకా తెరుచుకుంటుంది. తక్కువ వెలుతురు కోసమే అంత పెద్ద కన్ను పెట్టారు దానికి. పొద్దున తొమ్మిదింటికి మా వంటింటి కిటికీలోంచి పడే ఎండ దానికి చాలు. నేను తీసి చూశాను. కెమెరా వాకిట్లోనే ఆగిపోవడానికి కారణం వెలుతురు ఒక్కటే కాదు.

ఆ ఆల్బమ్‌లకన్నా పాతది అమ్మ పెళ్ళికి ముందు ఫోటో. 1979లో అనకాపల్లిలో ఒక స్టూడియోలో తీసింది. చేతిలో ప్లాస్టిక్ పూలు, వెనక తెర మీద పరదేశపు మెట్లు, నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది తెల్లబరిచిన మొహం. ఆ ఫోటో పెళ్ళిళ్ళ పేరయ్య సంచీలో మూడిళ్ళు తిరిగొచ్చి నాలుగో ఇంట్లో, అంటే మా ఇంట్లో ఆగింది. కుడివైపు మూల ఎవరో మడతపెట్టిన గుర్తు ఇప్పటికీ ఉంది. మద్రాసు ఫోటోని "దిగాను" అనే అమ్మ ఈ ఫోటో గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ ఆ మాట వాడదు. "నాకు ఫోటో తీయించారు" అంటుంది. తీయించడం. ఈ మూడో క్రియ వ్యాకరణం పుస్తకంలో ప్రేరణార్థకం. మా ఇంట్లో దాని అర్థం ఇంకా ఎక్కువ. తీసినవాడు స్టూడియో ఆయన, తీయించినవాడు తాతయ్య, చూసినవాళ్ళు నాలుగిళ్ళవాళ్ళు. అమ్మ పని కదలకుండా కూర్చోవడం.

ఈ రకం కెమెరాలని రేంజ్‌ఫైండర్ అంటారు, అంటే దూరం కొలిచేది. ముందు వైపు రెండు చిన్న కిటికీలుంటాయి. ఒకటి మనం చూసేది. దానికి కొద్ది ఎడంగా ఇంకొకటి. రెండో దాన్లోంచి వచ్చే బొమ్మ లోపలి అద్దాల మీదుగా వచ్చి మొదటి బొమ్మ మధ్యలో పసుపు రంగు మచ్చలాగా పడుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆ మచ్చలో ఇద్దరుగా కనిపిస్తుంది. లెన్సుకున్న చిన్న మీటని వేలితో జరుపుతూ పోతే ఇద్దరూ దగ్గరికొచ్చి ఒకరవుతారు. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. 0.8 మీటర్లకన్నా దగ్గరికి వెళ్తే మాత్రం ఎంత జరిపినా ఆ ఇద్దరూ ఒకరవ్వరు. ఇంకో సంగతి, మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్క కిటికీలోంచి. అందుకని లోపల కనిపించే తెల్ల గీతల చట్రానికి బయట ఏముందో కూడా కొంచెం కనబడుతూనే ఉంటుంది. ఏది వదిలేస్తున్నామో చూస్తూ వదిలేస్తాం.

ఈ పరికరం పుట్టుక ఫోటోల కోసం కాదు. శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకుని ఫిరంగి గురి పెట్టడానికి యుద్ధనౌకల మీద పెద్ద రేంజ్‌ఫైండర్లు వాడేవారు. 1932లో లైకా కంపెనీ దాన్ని చిన్నది చేసి కెమెరాలోనే అమర్చింది. సూసన్ సొంటాగ్ 1977లో వచ్చిన "ఆన్ ఫోటోగ్రఫీ"లో కెమెరాని తుపాకీతో పోల్చినప్పుడు అది ఉపమానం అనుకున్నాను. ఈ కెమెరా విషయంలో బంధుత్వం కూడా ఉంది.

దీని గొప్పతనం గురించి రాసినవాళ్ళందరూ ముందుగా చెప్పేది ఒకటే, చిన్నది, చప్పుడు చెయ్యదు, ఎవరికీ తెలియకుండా తియ్యొచ్చు. నిజమే, దీని షట్టరు చప్పుడు చిటికె పాటి కూడా ఉండదు. హెన్రీ కార్తియే బ్రెస్సాన్ తన లైకా మెరుపు కనిపించకుండా నల్ల టేపు చుట్టుకునేవాడు. 1952లో వచ్చిన ఆయన పుస్తకాన్ని ప్రపంచమంతా దాని ఇంగ్లీషు పేరుతో, "నిర్ణాయక క్షణం" అనే అర్థంతో, గుర్తుపెట్టుకుంది. ఫ్రెంచిలో పేరు వేరు. చాటుగా, హడావుడిగా తీసిన బొమ్మలు అనే అర్థం వస్తుంది. లైసెన్సు లేకుండా పేవ్‌మెంటు మీద సరుకు పరిచి, పోలీసు కనపడగానే మూట కట్టుకుని పరిగెత్తేవాళ్ళ అమ్మకానికి వాడే మాట అది. ఈ పేరే నిజాయితీగా ఉందనిపిస్తుంది నాకు. అందరినీ వాళ్ళకి తెలియకుండా తీసిన ఆ మహానుభావుడు, తన ఫోటో ఎవరైనా తీస్తే ఇష్టపడేవాడు కాదు.

ఆయన ఫోటోలు నాకిష్టం. ఆ ఇష్టాన్ని దాచుకోను. కానీ తెలియకుండా చూడటం ఒక కళ అని వినగానే నాకు గుర్తొచ్చేది మ్యూజియం కాదు. కోఠీ బస్టాపులో ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ ఆడపిల్లల వైపు పట్టుకున్న సెల్‌ఫోన్లు. తెలియకుండా తమని ఎవరో చూస్తున్నారన్న ఎరుకతోనే పన్నెండో ఏటి నుంచి చున్నీ సర్దుకునేవాళ్ళం మనం. ఆ చాటు చూపుని చేతిలోకి తీసుకుని, ఇప్పుడిది స్త్రీ చూపు అంటే సరిపోతుందా?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది నన్ను ఇబ్బంది పెడుతుంది. రోడ్డు మీద కెమెరా పట్టుకున్న ఆడది కనపడకుండా ఉండటం అసాధ్యం. సుల్తాన్ బజారులో కెమెరా బయటికి తీసిన రెండు నిమిషాలకి "ఏ పేపరు మేడం?" అంటాడొకడు. "నా ఫోటో తియ్యండి" అంటూ అడ్డం వస్తాడు ఇంకొకడు. మూడోవాడు ఏమీ అనడు, వెనకే నడుస్తాడు. అప్పుడు ఇది చిన్నగా ఉండటం, చీర కొంగు కింద దాగటం నాకు రక్షణే. మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయి వ్యారావాలా చీర కట్టుకుని, పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుంటూ సైకిలు మీద తిరిగింది. ఆమె తొలిరోజుల ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. తర్వాత "డాల్డా 13" అనే మారుపేరు పెట్టుకుంది. 1970లో కెమెరా పక్కన పెట్టేసిన ఆమెకి పద్మవిభూషణ్ వచ్చింది 2011లో. కనపడీ కనపడకుండా ఉండటం ఆమెకి కళాసిద్ధాంతం కాదు, ఉద్యోగం చేసుకునే పద్ధతి. బ్రెస్సాన్ నల్ల టేపునీ డాల్డా 13నీ ఒకే గాటన కట్టడం నాకు కుదరదు.

కాబట్టి మగవాళ్ళ నుంచి కెమెరాని దాస్తాను, నేను తియ్యబోయే ఆడవాళ్ళ నుంచి దాచను. ఇది పెద్ద సిద్ధాంతం ఏమీ కాదు. పని చేస్తూ చేస్తూ కుదిరిన ఏర్పాటు. దానికి కారణం మెహదీపట్నం రైతుబజారులో ఆకుకూరలమ్మే అక్క.

ఆమె దగ్గర నాలుగేళ్ళుగా తోటకూర కొంటున్నాను. ఒకరోజు ఫోటో తీయొచ్చా అని అడిగాను. "తియ్యి" అని, తడిగుడ్డ సర్దుకుని, త్రాసు ముందుకి జరుపుకుని కూర్చుంది. నేను మీట జరిపి, ఇద్దరక్కల్ని ఒక్కరిని చేసి, నొక్కాను.

"ఏది, సూపియ్యి" అంది.

ఇందులో కనపడదక్కా అన్నాను. కెమెరా వెనక్కి తిప్పి చూపించాను. తెర లేదు, నల్ల తోలు ఉంది.

"కనవడకపోతే మంచిగచ్చిందో లేదో ఎట్ల ఎరుకైతది?"

"నాకూ తెలీదక్కా. కడిగించాలి. ఇరవై రోజులు పడుతుంది."

"ఇరవై దినాలా! గింత ఫోటోకా?" అని పక్కామె వైపు తిరిగి నవ్వింది. తర్వాత, "సెల్లుల తీస్కొని పోతరు అందరు. ఎవ్వలు తెచ్చియ్యరు. నువ్వు కాయిదం మీద తేవాలె, ఎరికేనా?" అంది.

సెల్‌ఫోనులో తీస్తే అప్పటికప్పుడు చూపించొచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. ఆ హక్కు చిన్నది కాదు. ఫిల్ములో ఆ హక్కు లేదు. ఆమె నన్ను నమ్మి తీరాలి. దానికి ఆమె పెట్టిన ధర కాగితం మీద ఒక ఫోటో, అంటే నేను తిరిగి వెళ్ళడం. తోటకూర అవసరం ఉన్నా లేకపోయినా వెళ్ళాలి. బాగా రాలేదని చెప్పడానికైనా వెళ్ళాలి. ఇరవై మూడో రోజు తీసుకెళ్ళాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని అంచులు పట్టుకుని చూసింది. "తరాజు మంచిగచ్చింది" అంది. మొహం గురించి ఏమీ అనలేదు. తర్వాత వారం వరసలో ఉన్న మిగతావాళ్ళు నన్ను పిలిచి ఎక్కడ నిలబడాలో, ఏ వైపు నుంచి తియ్యాలో వాళ్ళే చెప్పారు. ఒకామె గంపలు తీసేయించింది. ఒకామె చెప్పులు తీసేసింది. నేను అనుకున్న "సహజమైన" ఫోటో ఆ వరసలో ఒక్కటీ రాలేదు. అందరూ నిటారుగా ఉన్నారు, మా బాబాయి ఆల్బమ్‌లో లాగా. అది చూసినప్పుడు బాబాయి ఆల్బమ్ గురించి నేను కట్టుకున్న వాదన కొంచెం కదిలింది. నిటారుగా నిలబెట్టిందంతా ఆయనేనా? అందులో కొంతైనా వాళ్ళు దిగిన తీరు కాదా? వంటిల్లు లేకపోవడం గురించి నా కోపం మాత్రం అలాగే ఉంది.

శ్రమ చేస్తున్న స్త్రీని శ్రమలో చూపించాలి అని మన పత్రికల ముఖచిత్రాల దగ్గర్నుంచి నేర్చుకున్నాం. నడుం వంచి నాట్లేస్తున్న స్త్రీ, తట్ట మోస్తున్న స్త్రీ. వాళ్ళలో ఎవరైనా ఆ ఫోటో కాగితం మీద చూసుకున్నారా? 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చిన దగ్గర్నుంచి, ఒక స్త్రీ మాటని రాసుకునేటప్పుడు అది ఎవరి మాట, ఎవరి కోసం అన్న ప్రశ్నతో మన పరిశోధన కుస్తీ పడుతూనే ఉంది. బొమ్మ విషయంలో ఆ కుస్తీ ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదనిపిస్తుంది.

ఈ నగరానికి ఈ విషయంలో ఒక పాత అనుభవం ఉంది. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పర్దాలో ఉండే స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచాడు. దాని బాధ్యత ఒక ఇంగ్లీషు మహిళకి అప్పగించాడు. పెద్దింటి ఆడవాళ్ళకే అందిన సదుపాయం అది, వ్యాపారం కోసం పెట్టింది. అయినా ఫోటో ఎవరు తియ్యాలి, ఎవరి కళ్ళ పడకూడదు అన్న షరతు దిగేవాళ్ళ వైపు నుంచి వస్తే దానికి తగ్గట్టు గోడలు కట్టాల్సొచ్చింది కదా అని ఆలోచిస్తుంటాను. పర్దాని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. షరతు అనే దాని మీదే నా ఆసక్తి.

షరతులంటే మా నాయనమ్మవే షరతులు.

2022 సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు పిలిచి, "దండెయ్యడానికి పనికొచ్చేలాగ ఒకటి తియ్యి" అంది. ఎనభై ఎనిమిదేళ్ళు అప్పటికి. అమ్మ "అవేం మాటలు పండగ పూట" అని కసిరింది. నాయనమ్మ వినలేదు. చెవి మిషను తీసేసింది కాబట్టి నిజంగానే వినలేదు. మిషను ఫోటోలో పడకూడదంది. వరండాలో కుర్చీ ఎక్కడెయ్యాలో తనే చూపించింది. ముదురు రంగు నేత చీర కట్టుకుంది. నేను కిటికీ పక్కకి, వెలుతురు ఒక వైపు నుంచి పడేలా జరపబోతే చేత్తోనే వద్దంది. మొహం మొత్తం కనిపించాలి. పళ్ళు కనిపించకూడదు. చేతులు ఒళ్ళో ఉండాలి. నేను ఏం చెప్పినా వినపడదు కాబట్టి నేను చెప్పేదేమీ లేకపోయింది. మూడు ఫ్రేములు తీశాను. నలభై ఏళ్ళు తాళంలో ఉన్న కెమెరా ముందు ఆ ఇంటి పెద్దావిడ కూర్చుని, ఒక్కొక్క ఫ్రేము అయ్యాక తల ఊపి, ఇంకోటి అని వేలు చూపించింది.

ఆ తర్వాత మిషను మళ్ళీ చెవికి పెట్టుకుంది. ఏదో అంది, నేనేదో అన్నాను. కెమెరా ఇంకా నా చేతిలోనే ఉంది. నా మొహం చూసి నేను అడగబోయేది అర్థం చేసుకున్నట్టుంది. "తియ్యి" అంది. తీశాక, "ఇది గోడకి కాదు. నీకు. ఎవుళ్ళకీ సూపించకు" అంది.

ప్రింట్లు వేయించి తీసుకెళ్తే మూడింటినీ మంచం మీద పరుచుకుని, రెండు పక్కకి నెట్టేసి, ఒకటి తీసి "దీన్ని పెద్దది చేయించు" అంది. నాలుగోది విడిగా కవరులో పెట్టి ఇచ్చాను. చూసుకుంది, కవరులో పెట్టేసి నా చేతికిచ్చింది.

ఆమె 2024 వేసవిలో పోయింది. పెద్దది చేయించిన ఫోటో అప్పటికే ఫ్రేము కట్టించి, పాత చీరలో చుట్టి, ఆమె మంచం కిందే ఉంది. ఎవరూ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. పదకొండో రోజు బంధువులందరూ దాని ముందు నిలబడి, ఇంత కోపంగా ఉందేమిటి, మనిషి ఇలా ఉండేది కాదు కదా అనుకున్నారు. ఇంత చదువుకుని, ఇన్ని ఫోటోలు తీస్తుంది, ఇదా తీసేది అన్నట్టు నా వైపు చూశారు ఒకరిద్దరు. పిన్ని నన్ను పక్కకి పిలిచి, "నవ్వుతున్నది ఒక్కటీ లేదా నీ దగ్గర? ఉంటే ఇది మారుద్దాం" అని అడిగింది. పిన్ని అడగడంలో ప్రేమ ఉంది. అత్తగారితో ముప్ఫై ఏళ్ళు వంటింట్లో గడిపిన మనిషి, ఆమెకి తెలిసిన మొహం గోడ మీద లేదు.

నాలుగో ఫోటోలో నాయనమ్మ ఎలా ఉందో ఇక్కడ రాయను. రాస్తే చూపించినట్టే. స్నేహితులు కొందరు స్త్రీల ఫోటోల ప్రదర్శన పెడుతూ నా దగ్గరున్నవి అడిగారు. రైతుబజారువి ఇచ్చాను, ఆ వరసలో అందరినీ మళ్ళీ అడిగి వచ్చాక. ముగ్గురు వద్దన్నారు, ఆ మూడూ తీసేశాను. నాయనమ్మది ఇవ్వలేదు. ఆమె పోయింది కాబట్టి షరతు కూడా పోయినట్టే కదా అన్నారొకరు. చరిత్ర కోసం అన్నారు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు, ఇవ్వకపోవడం తప్ప.

పిన్నికి మాత్రం లేదని అబద్ధం చెప్పలేదు. "గోడకి అదే పెట్టమంది" అన్నాను. పిన్ని ఇంకేమీ అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద కాఫీ నీళ్ళు పెట్టి, కిటికీ దగ్గర నిలబడింది. తొమ్మిదిన్నర అయి ఉంటుంది, ఎండ ఆమె భుజం మీద పడుతోంది. కెమెరా బ్యాగులోనే ఉంది, రీలులో ఇంకా పధ్నాలుగు ఫ్రేములున్నాయి. అడిగాను. "ఇప్పుడొద్దే, మొహం బాలేదు. రేపు పొద్దున దిగుతాలే" అంది.